నెల్లూరు, ఒంగోలులో కొత్త ఫోర్ బై ఫోర్ బండి: షోరూమ్ ధర, తగ్గింపులు, బేరం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోర్ బై ఫోర్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి. థార్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో ఎన్ లాంటి బండ్లను మన రెండు జిల్లాల్లో సరదాకి కొనేవాళ్ళున్నారు. పనికోసం కొనేవాళ్ళూ ఉన్నారు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల గట్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారులు, వానపడితే టైరును పట్టుకుని వదలని నల్లరేగడి పొలాలు, వెలిగొండ కిందున్న ఊళ్ళు – ఇక్కడ తిరిగేవాళ్ళకి బండి నిజంగా అవసరం. పదిహేను, ఇరవై లక్షలు ఒక్కసారిగా చేతిలోంచి పోయే వ్యవహారం కాబట్టి షోరూముల్లో ధర ఎలా కడతారో, తగ్గింపు ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ దొరికినట్టు కనిపించి మాయమవుతుందో వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌షోరూమ్ ధర అంటే ఏమిటి? ఆన్‌రోడ్‌కి అంత తేడా ఎందుకు?

ఎక్స్‌షోరూమ్ ధర కంపెనీ నిర్ణయిస్తుంది. జీఎస్టీ అందులోనే కలిసి ఉంటుంది. దాని మీద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, బండి పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు మన దగ్గర ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) చేరితే ఆన్‌రోడ్ ధర వస్తుంది. లైఫ్ టాక్స్ శాతం బండి ధరను బట్టి శ్రేణులుగా ఉంటుంది, ధర పెరిగితే శాతమూ పెరుగుతుంది. టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు, టీసీఎస్ ప్రభుత్వానికి పోయేవి, వాటి మీద బేరం లేదు. మిగతా వరుసలు చాలావరకు బేరానికి వచ్చేవే. షోరూమ్‌లో ఈ రెండు రకాలనూ కలిపి ఒకే అంకెగా చెప్తారు. మీరు మొదట అడగాల్సింది వరుసవారీ కొటేషన్, అదీ కాగితం మీద లేదా వాట్సాప్‌లో.

జీఎస్టీ తగ్గిందన్నారు కదా, ఫోర్ బై ఫోర్ బండికి ఎంత తగ్గింది?

2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేసి కార్లకు రెండు రేట్లు పెట్టారు. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ లేదా డీజిలు ఇంజను 1500 సీసీ దాటని బండికి 18 శాతం. అంతకు మించిన వాటికి 40 శాతం. ఆఫ్‌రోడ్ బండ్లు దాదాపు అన్నీ 40 శాతంలోనే పడతాయి. జిమ్నీ పొడవు 3,985 మిల్లీమీటర్లే అయినా ఇంజను 1462 సీసీ పెట్రోలు కావడంతో 40 శాతమే. మూడు తలుపుల థార్‌లో 1.5 లీటర్ల డీజిలు, వెనక చక్రాల డ్రైవు ఉన్న బండి 18 శాతంలోకి దిగింది. అదే థార్ 2.2 లీటర్ల డీజిలు ఫోర్ బై ఫోర్ అయితే 40. ఈ మార్పుతో ధర తగ్గింపు వెనక చక్రాల డ్రైవు డీజిలు థార్‌కు 1.35 లక్షల వరకు, ఫోర్ వీల్ డ్రైవు డీజిలుకు 1.01 లక్షల వరకు ఉంటుందని మహీంద్రా అప్పట్లో ప్రకటించింది. ఇది చట్టం ఇచ్చిన తగ్గింపు. ఈ అంకెను సేల్స్‌మన్ "మా డిస్కౌంట్" అని చెప్తే ఒప్పుకోకండి.

నాకు ఫోర్ బై ఫోర్ అవసరమా? వెనక చక్రాల డ్రైవు బండి మీద తగ్గింపు ఎక్కువ ఇస్తామంటున్నారు.

చూడటానికి రెండూ ఒకటే. దిగబడినప్పుడు మాత్రం ఒకటి కాదు. థార్ రాక్స్ (ఐదు తలుపుల థార్) 2024లో విడుదలైనప్పుడు ఎంఎక్స్5 అనే వేరియంట్‌లో డీజిలు మాన్యువల్ వెనక చక్రాల డ్రైవు 16.99 లక్షలు, ఫోర్ బై ఫోర్ 18.79 లక్షలు. అంటే తేడా 1.8 లక్షలు. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిలు ఇంజనుతో మాత్రమే వస్తుంది. జిమ్నీ, గూర్ఖా అన్ని రకాల్లోనూ ఫోర్ బై ఫోర్ ఉంటుంది.

ఏడాదిలో నాలుగైదుసార్లు మైపాడు బీచికో, కొత్తపట్నానికో వెళ్ళి రోడ్డు పక్కనే ఆపుకునేవాళ్ళకు వెనక చక్రాల డ్రైవు చాలు, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. వానాకాలంలో రోజూ చెరువు గట్టు ఎక్కాల్సినవాళ్ళు, పెన్నా ఇసుకలో, రేగడిలో నడపాల్సినవాళ్ళు మాత్రం స్టాకులో ఉంది కదా, తగ్గిస్తున్నారు కదా అని వెనక చక్రాల డ్రైవు తీసుకోవద్దు. అవసరం లేని బండి మీద వచ్చే 50 వేల తగ్గింపు అవసరమైన బండిని దూరం చేస్తుంది. తర్వాత ఫోర్ బై ఫోర్ బిగించుకోవడం కుదరదు.

అసలు డీలరు ఎక్కడి నుంచి తగ్గిస్తాడు?

డిస్కౌంట్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గాని అందులో నాలుగైదు జేబులున్నాయి.

కంపెనీ నెలనెలా ప్రకటించే స్కీమ్ మొదటిది. ఫలానా మోడల్‌కి, ఫలానా వేరియంట్‌కి, ఫలానా ఏడాది తయారైన స్టాకుకి ఇంత అని డీలర్లందరికీ వస్తుంది. ఇది మీకు రావాల్సిందే, డీలరు దయ కాదు. ఎక్స్ఛేంజి బోనస్ రెండోది, పాత బండి ఇస్తేనే వస్తుంది. కార్పొరేట్ డిస్కౌంట్, పాత కస్టమర్లకిచ్చే లాయల్టీ బోనస్ ఆ తర్వాతివి, అర్హత ఉన్నవాళ్ళకే. ఆఖరిది డీలరు తన మార్జిన్ నుంచి వదులుకునేది. కొత్త బండ్ల మీద డీలరు మార్జిన్ జనం అనుకునేంత పెద్దది కాదు. వాళ్ళకి ఇన్సూరెన్స్ కమీషన్, లోను ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చేది, యాక్సెసరీలు, తర్వాత సర్వీసు – ఇవన్నీ కలిపితేనే గిట్టుబాటు. అందుకే బండి ధరలో తగ్గించి ఈ పక్క దారుల్లో రాబట్టుకోవాలని చూస్తారు. వ్యాపారంగా అది తప్పు కాదు. మన లెక్క మనకు తెలిసి ఉండాలి, అంతే.

"లక్ష వరకు లాభాలు" అని బోర్డు మీద రాసిన దాంట్లో ఈ జేబులన్నీ కలిపేసి ఉంటాయి. పాత బండి లేనివాళ్ళకి, ఉద్యోగి గుర్తింపు కార్డు లేనివాళ్ళకి అందులో ఎంత మిగులుతుందో విడదీసి అడగండి.

ఏ షోరూమ్‌కి వెళ్ళినా ఒకే డిస్కౌంట్ చెప్తున్నారు. కూడబలుక్కున్నారా?

ఒక్కోసారి కంపెనీయే కట్టడి పెడుతుంది. డీలర్లు తాను చెప్పినదానికన్నా ఎక్కువ తగ్గింపు ఇవ్వకుండా అడ్డుకుందని, మారువేషంలో కొనుగోలుదార్లను పంపి కనిపెట్టి మరీ జరిమానాలు వేసిందని తేల్చి 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ దానిమీద అప్పీలుకు వెళ్ళింది. నగదు తగ్గింపు దగ్గర అందరూ ఒకే అంకె దగ్గర ఆగిపోతే అక్కడే కొట్లాడుతూ కూర్చోకండి. ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, పాత బండి విలువ, యాక్సెసరీల దగ్గరికి బేరాన్ని మళ్ళించండి. కదలిక అక్కడుంటుంది.

ఇంకో సంగతి. నెల్లూరులో, ఒంగోలులో ఒకే బ్రాండు షోరూములు చాలాసార్లు ఒకే యజమానివి అయివుంటాయి. మినీ బైపాస్‌లో అడిగి, కర్నూలు రోడ్డులో అడిగి రెండుచోట్లా ఒకే ధర వచ్చిందంటే మీరు అడిగింది ఒక్కరినే అయివుండొచ్చు. కొటేషన్ మీద సంస్థ పేరు చూడండి. రెండో కొటేషన్ వేరే యజమాని దగ్గర తీసుకుంటేనే దానికి బలం.

"ఈ బండికి డిస్కౌంటే లేదు, వెయిటింగ్ ఉంది" అంటున్నారు. నిజమేనా?

నిజమే కావచ్చు. థార్ రాక్స్ బుకింగ్ 2024 అక్టోబరు 3న తెరిస్తే మొదటి గంటలోనే 1,76,218 బుకింగులు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. అలాంటి బండికి ఎవరూ తగ్గించరు. దీనికి ఎదురు కథ జిమ్నీది. 2023 జూన్‌లో 12.74 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ఆ ఏడాది చివరికే థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షల నుంచి అమ్మారు. ఆరు నెలల్లో రెండు లక్షలు. బండి అదే, ఇంజను అదే.

అందుకని ఆఫ్‌రోడ్ బండ్లలో తగ్గింపును నిర్ణయించేది మీ బేరం నేర్పు కన్నా ఆ మోడల్ వయసు, యార్డులో ఉన్న స్టాకు. కొత్తగా విడుదలైన బండిని మొదటి నెలల్లోనే కొనాలనుకుంటే పూర్తి ధర ఇవ్వడానికి సిద్ధపడాలి. ఆగగలిగితే ఆగండి. కొత్త రూపం రాబోతోందన్న వార్త గట్టిపడితే పాత స్టాకు మీద తగ్గింపులు పెరుగుతాయి. థార్ రాక్స్ వచ్చాక మూడు తలుపుల థార్ మీద జరిగింది అదే.

"వెయిటింగ్" అన్న మాటను వేరియంట్‌వారీగా అడగండి. ఎర్ర రంగు ఆటోమేటిక్‌కి ఆరు నెలలున్న చోట తెల్ల రంగు మాన్యువల్ రెండు యార్డులో నిలబడి ఉండొచ్చు. బుకింగ్ చేసుకుని ఎవరో వదిలేసిన బండి కూడా దొరుకుతుంది. అలాంటివాటి మీద డీలరు త్వరగా దిగుతాడు.

ఏ నెలలో కొంటే మంచిది?

నెలాఖరు, మూడు నెలల టార్గెట్ ముగిసే రోజులు – మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు చివరి వారాలు – ఎక్కడైనా పనిచేస్తాయి. మన దగ్గర ఇంకో క్యాలెండరు కూడా ఉంది. ఆషాఢంలో బండి ఇంటికి తెచ్చుకోవడానికి చాలామంది వెనకాడతారు, షోరూములు ఖాళీగా ఉంటాయి. శ్రావణం మొదలైతే, ఆ తర్వాత దసరా దీపావళికి రద్దీయే రద్దీ, బేరానికి చోటుండదు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. ఏడాది స్టాకు వదిలించుకోవాల్సిన తొందర షోరూమ్‌కి, ముహూర్తం లేదని వెనకాడటం జనానికి – రెండూ ఒకే పదిహేను రోజుల్లో ఎదురుపడతాయి. పట్టింపు లేనివాళ్ళకి ఏడాది మొత్తంలో ఇంతకు మించిన సమయం లేదు. పట్టింపు ఉన్నవాళ్ళు ఆషాఢంలోనో ధనుర్మాసంలోనో ధర ఖాయం చేసుకుని, డెలివరీ మంచిరోజుకు పెట్టుకుంటామని అడగవచ్చు. చాలాచోట్ల ఒప్పుకుంటారు, కాని బిల్లు ఏ తేదీన వేస్తారో, స్కీమ్ ఆ తేదీకి ఉంటుందో లేదో రాయించుకోవాలి.

పంట డబ్బు కూడా ధరను కదిలిస్తుంది. పొగాకు వేలాలు జోరుగా సాగే నెలల్లో టంగుటూరు, కొండపి, పొదిలి వైపు రైతుల చేతిలో డబ్బాడుతుంది. షోరూమ్‌వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పోయి రొయ్య రైతు దిగులుపడినట్టి కాలంలో కోస్తా వైపు బండ్లు అడిగేవాళ్ళు తగ్గుతారు. అలాంటప్పుడు చేతిలో డబ్బున్నవాళ్ళ మాట చెల్లుతుంది.

జనవరిలో పోయినేడాది బండి తక్కువకిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తగ్గింపు సరిపడా ఉంటే తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కార్డులో తయారైన నెల, సంవత్సరం అచ్చవుతాయి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ ఏడాదినే చూస్తాడు. నాలుగేళ్ళలో మార్చేసేవాళ్ళకి ఇది నష్టం, పదేళ్ళు నడిపేవాళ్ళకి పెద్ద తేడా రాదు. ఎండలో నెలల తరబడి నిలబడిన బండి అయితే టైర్లు, బ్యాటరీ జాగ్రత్తగా చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 3224 అంటే 2024లో 32వ వారం. బండి ఎప్పుడు తయారైందో సేల్స్‌మన్ నోటి మాట కాకుండా ఛాసిస్ నంబరు తీసుకుని ఫారం 22తో (బండి తయారీ కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం) సరిచూసుకోండి.

చెన్నైలో తక్కువకి వస్తుందంటున్నారు. మా బావ అక్కడే ఉన్నాడు, ఆయన అడ్రసు మీద కొననా?

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే కాబట్టి ఈ ఆలోచన అందరికీ వస్తుంది. అక్కడ డీలర్లు ఎక్కువ, పోటీ ఎక్కువ, స్టాకు ఎక్కువ. కాబట్టి కొటేషన్ తెచ్చుకోండి. దాన్ని నెల్లూరు షోరూమ్‌లో చూపిస్తే సగం పని అవుతుంది. నిజంగా అక్కడే కొనాలంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చి మన ఆర్టీవోలో లైఫ్ టాక్స్ కట్టి ఇక్కడే శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

మీ బావగారి అడ్రసు మీద తమిళనాడు నంబరుతో తెచ్చుకుని ఇక్కడ నడపడం మాత్రం వద్దు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చాలి, అప్పుడు ఇక్కడి టాక్సు కట్టాలి, అక్కడ కట్టింది వెనక్కి తెచ్చుకోవడానికి కాళ్ళరిగేలా తిరగాలి. ఒంగోలు వాళ్ళకి ఇదే లెక్క గుంటూరు, విజయవాడ. అదే రాష్ట్రం కాబట్టి ఈ చిక్కులు లేవు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ మొదలైనప్పటినుంచి నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేరు కూడా. మన ఏపీ 26, ఏపీ 27 పాత బండ్లకే మిగిలాయి.

షోరూమ్ ఇన్సూరెన్సే తీసుకోవాలా? లేకపోతే డిస్కౌంట్ ఇవ్వమంటున్నారు.

తీసుకోవాలన్న నిబంధన లేదు. బీమా సంస్థను ఎంచుకునే హక్కు మీది. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి, దాని ప్రీమియం ఎక్కడైనా ఒకటే. తేడా అంతా సొంత డ్యామేజీ భాగంలో ఉంటుంది. అదే ఐడీవీ (బీమాలో బండికి కట్టే విలువ), అవే యాడ్‌ఆన్‌లు పెట్టి బయట రెండు కొటేషన్లు తీసుకుని చూపించండి. చాలాసార్లు షోరూమ్‌వాళ్ళే దగ్గరికి దిగుతారు. కొంచెమే తేడా ఉంటే షోరూమ్‌లోనే తీసుకోండి, క్లెయిము వచ్చినప్పుడు పని సులువు.

యాడ్‌ఆన్‌లలో మన ప్రాంతానికి ఇంజను ప్రొటెక్షన్ వదలకండి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కోసుకుపోయిన సంగతి మరిచిపోలేం. నీళ్ళలో ఆగిన ఇంజనును మళ్ళీ స్టార్ట్ చేస్తే పాడయ్యేది మామూలు పాలసీలో రాదు. ఫోర్ బై ఫోర్ ఉందన్న ధైర్యంతో నీళ్ళలోకి దిగేది మనమే కదా.

పాత కారు మీద క్లెయిములు లేకుండా గడిపినవాళ్ళకి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం వరకు ఉంటుంది. అది బండిది కాదు, మనిషిది. పాత బండి అమ్మాక బీమా సంస్థ నుంచి లెటరు తీసుకుంటే కొత్త బండి సొంత డ్యామేజీ ప్రీమియంలో తగ్గుతుంది. షోరూమ్‌లో ఎవరూ గుర్తుచేయరు.

హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, ఎసెన్షియల్ కిట్ అని కలిపారు. కట్టాలా?

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, డిపో ఛార్జీలు అన్న వరుసలు కొట్టేయమనండి. బండిని షోరూమ్ దాకా తెచ్చి ఇవ్వడం ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఉంది. "ఈ వరుస ఎందుకో లెటర్‌హెడ్ మీద రాసివ్వండి" అని మర్యాదగా అడిగితే చాలాసార్లు అక్కడితో పోతుంది. కిట్ అన్నది మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్ల మూట, తీసుకోవడం మీ ఇష్టం. టెఫ్లాన్ కోటింగ్ నా మటుకు నేను తీసుకోను. ఉప్పుగాలి తగిలే చెరువుల మధ్య తిరిగే బండికి అండర్‌బాడీ కోటింగ్ మాత్రం ఖర్చు పెట్టదగ్గదే. షోరూమ్ ధర, బయటి ధర పోల్చి చేయించుకోండి.

తగ్గింపు ఎలా కరిగిపోతుందో చూడటానికి ఒక లెక్క. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. ఒక షోరూమ్ 60 వేలు తగ్గిస్తానంది, కాని ఇన్సూరెన్స్ 88 వేలు, హ్యాండ్లింగ్ 12 వేలు, కిట్ 35 వేలు. ఎక్స్‌షోరూమ్ మీద నికరంగా 75 వేలు పైన పడింది. రెండోది 30 వేలే తగ్గిస్తానంది, ఇన్సూరెన్స్ బయట 61 వేలకు తెచ్చుకోమంది, మిగతావేవీ లేవు. నికరంగా 31 వేలు. సగం తగ్గింపు ఇచ్చిన షోరూమే 44 వేలు చవక. అందుకే రెండు కొటేషన్లను డిస్కౌంట్ వరుస దగ్గర పోల్చకూడదు, అట్టడుగు వరుస దగ్గర పోల్చాలి.

డబ్బు తగ్గించలేం, ఫ్రీగా బుల్‌బార్, లైట్లు వేస్తామంటున్నారు.

బుల్‌బార్లు, క్రాష్ గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే నిషేధించింది. ముందు గట్టి ఇనుము బిగిస్తే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోకపోవచ్చు, ఎదురుగా ఉన్న మనిషికి దెబ్బ ఎక్కువ. ఉచితంగా ఇచ్చినా వద్దనండి. "ఫ్రీ యాక్సెసరీలు 40 వేలు" అన్న చోట ఆ 40 వేలు వాళ్ళ రేటు కార్డు ప్రకారం. అవే వస్తువులు బయట ఎంతకు వస్తాయో అదే వాటి విలువ. డబ్బుగా, ఇన్‌వాయిస్‌లోనే తగ్గించమని పట్టుబట్టండి. కుదరకపోతే ఎక్స్‌టెండెడ్ వారంటీ అడగండి. ఫోర్ బై ఫోర్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచేది), అదనపు షాఫ్టులు ఉంటాయి, రిపేరు వస్తే ఖర్చు ఎక్కువ. ఏ భాగాలు కవరవుతాయో చదువుకుని తీసుకుంటే అది మ్యాట్ల కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

పాత బండి ఎక్స్ఛేంజికి ఇవ్వనా, బయట అమ్ముకోనా?

ముందు పాత బండి మాటే ఎత్తకుండా కొత్త బండి ధర తేల్చుకోండి. తర్వాత పాతదానికి విలువ కట్టించండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాగేస్తారు. పాత బండికి షోరూమ్ ఇచ్చే విలువకి ఎక్స్ఛేంజి బోనస్ కలిపి, దాన్ని బయటి ధరతో పోల్చండి. బయటెక్కడ అమ్మినా యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకుండా ఆర్సీ పేరు మారేదాకా వెంటపడండి. బండి ఎక్కడో ప్రమాదం చేస్తే నోటీసు వచ్చేది ఆర్సీలో ఉన్న పేరుకే.

లోను షోరూమ్‌లోనే తీసుకుంటే ఎక్కువ తగ్గిస్తారట?

తగ్గిస్తారు, ఎందుకంటే బ్యాంకు వాళ్ళకి ఇస్తుంది. వడ్డీలో తేడా చూడండి. 12 లక్షలు ఏడేళ్ళకు 9 శాతానికి తీసుకుంటే నెలకు సుమారు 19,307, తొమ్మిదిన్నరకైతే 19,613. అర శాతం తేడా ఏడేళ్ళలో 25 వేలు దాటుతుంది. షోరూమ్ లోనుకి ఇచ్చే అదనపు తగ్గింపు 15 వేలే అయితే అది తగ్గింపు కాదు. ప్రాసెసింగ్ ఫీజు, లోనుతోపాటు అంటగట్టే జీవిత బీమా కూడా కలిపి లెక్కించండి. మీ జీతం, డిపాజిట్లు ఉన్న బ్యాంకులో ముందే శాంక్షన్ లెటరు తెచ్చుకుని షోరూమ్‌కి వెళ్ళడం ఉత్తమం.

నగదు ఇస్తే ఇంకా తగ్గుతుందా?

తగ్గదు. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఎవరికీ వీల్లేదు, తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం జరిమానా. చేతిలో ఉన్న నగదును ముందు బ్యాంకులో వేసుకోండి.

టీసీఎస్ 1 శాతం తిరిగి వస్తుందా? నేను రైతుని, ఇన్‌కం టాక్స్ కట్టను.

వస్తుంది, కాని అడిగితేనే వస్తుంది. 15 లక్షల బండికి 15 వేలు మీ పాన్ నంబరు మీద జమవుతుంది, ఇన్‌కం టాక్స్ వెబ్‌సైట్‌లో మీ పన్ను వివరాల్లో కనిపిస్తుంది. వ్యవసాయ ఆదాయమే ఉన్నవాళ్ళు కూడా ఆ ఏడాదికి రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. రిటర్ను వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. పాన్ ఇవ్వకపోతే టీసీఎస్ రేటు ఇంకా పెరుగుతుంది.

ఉద్యోగులకు, మాజీ సైనికులకు వేరే ధర ఉందా?

కార్పొరేట్ డిస్కౌంట్ జాబితాలో ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, బ్యాంకు సిబ్బంది చాలా కంపెనీలకు ఉంటారు. ఇంట్లో ఎవరికి గుర్తింపు కార్డు ఉందో ముందే చూసుకుని, ఎవరి పేరు మీద కొంటే వర్తిస్తుందో అడగండి. మాజీ సైనికులు షోరూమ్ బేరం కన్నా ముందు సీఎస్‌డీ (సైనికుల క్యాంటీన్) ధర చూసుకోవాలి. అన్ని మోడళ్ళూ అందులో దొరకవు, దొరికితే ఆ తేడాకి ఏ డిస్కౌంటూ సాటిరాదు.

బుక్ చేశాక ధర పెరిగితే?

బుకింగ్ ఫారంలో సాధారణంగా "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని ఉంటుంది. కంపెనీలు జనవరిలో, ఏప్రిల్‌లో ధరలు పెంచడం మామూలే. కాబట్టి వెయిటింగ్ ఎక్కువున్న బండికి ఈరోజు ఒప్పుకున్న తగ్గింపు రేపటికి నిలుస్తుందో లేదో ఫారం మీదే రాయించండి. రద్దు చేసుకుంటే అడ్వాన్సులో ఎంత కోస్తారో కూడా అక్కడే ఉంటుంది, సంతకానికి ముందు చదవండి. డబ్బు డీలరు సంస్థ ఖాతాకే పంపాలి. సేల్స్‌మన్ సొంత ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా వద్దు, ఎంత తెలిసినవాడైనా సరే.

రిజిస్ట్రేషన్‌కి ముందు ఏం చూసుకోవాలి?

బండిని యార్డులోనే, పగటి వెలుతురులో చూడండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక వెనక్కి తీసుకోరు. ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో సరిపోవాలి. మీటరు రీడింగ్, పెయింటు, అద్దాలు, టైర్ల తేదీలు చూడండి. ఫోర్ బై ఫోర్ బండి కాబట్టి ఫోర్ హై, ఫోర్ లో (నాలుగు చక్రాల డ్రైవులో వేగానికొకటి, ఎక్కువ బలానికొకటి ఉండే గేర్లు) రెండూ వేయించి, మట్టి నేల మీద నాలుగడుగులు నడిపించి చూడండి. యార్డులో ఈ లివరు ముట్టుకునేవాళ్ళు తక్కువ. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి కంపెనీ ద్వారానే రావాలి, దానికి విడిగా డబ్బు వేస్తే ప్రశ్నించండి.

ఒప్పుకున్న తగ్గింపు ఆఖరి బిల్లులో లేదు. ఇప్పుడేం చేయాలి?

బిల్లు వేయకముందైతే మిగతా డబ్బు కట్టకండి, మీ దగ్గరున్న కొటేషన్ చూపించి మేనేజరుతో మాట్లాడండి. బిల్లయిపోయాక తెలిస్తే డీలరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టండి. ఫోనులో చెప్పింది సాక్ష్యంగా నిలవదు, వాట్సాప్ సందేశం నిలుస్తుంది. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా కేసులు అక్కడే పరిష్కారమవుతాయి. కాకపోతే నెల్లూరు, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే కేసు అక్కడే వేయాలి, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కొటేషన్, బుకింగ్ రశీదు, ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి, రెండేళ్ళ లోపు వేయండి.